హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో గుప్పెడు మన్ను

ఆ రోజుల్లో అందరూ సోమవారానికి భయపడేవాళ్ళు, నేను మాత్రం ఆదివారానికి భయపడేవాణ్ణి. సోమవారం ఆఫీసుకు వెళ్తే కంప్యూటరైనా నాకు స్వాగతం చెప్పేది. ఆదివారం బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా పీజీ మూడో అంతస్తులో నన్ను పలకరించే దిక్కు లేదు. నా రూమ్మేటు ఉత్తరాది కుర్రాడు. మంచివాడే కానీ చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీయగా నేను చూసిన పాపాన పోలేదు (స్నానానికి వెళ్ళినప్పుడు తీసేవాడేమో, నేను లోపలికి వెళ్ళి చూడలేదు). ఒక సోమవారం ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ ఆయనకు గుడ్‌మార్నింగ్ చెప్పబోతే గొంతులోంచి కీచుమని ఏదో శబ్దం వచ్చింది తప్ప మాట రాలేదు. ఏమైందా అని ఆలోచిస్తే తేలిందేమిటంటే, శనివారం మధ్యాహ్నం నుంచి నేను నోరు విప్పి ఎవరితోనూ మాట్లాడలేదు. కాళ్ళూ చేతులూ సవ్యంగా ఉండి, నెలనెలా జీతం తెచ్చుకుంటున్న కుర్రవాడికి అంత ఒంటరితనం ఏమిటని ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం రాలేదు. రేపు నేను కనిపించకుండా పోతే ఈ ఊళ్ళో 'వాడు రాలేదేమిటి' అని అడిగే మనిషి ఒక్కరైనా ఉంటారా అని మంచం మీద పడుకొని తెగ వెతుక్కునేవాణ్ణి. ఆఫీసులో హాజరు మెషీను అడుగుతుంది. మనిషి మాత్రం ఎవరూ తేలేవారు కాదు.

మా అమ్మ ఆదివారం ఆదివారం కడప జిల్లాలోని మా పల్లె నుంచి ఫోన్ చేసి రెండే రెండు ప్రశ్నలు అడిగేది. "తిన్న్యావా? గుడికి పోయినావా?" మొదటిదానికి తిన్నానని, రెండోదానికి పోతాలేమ్మా అని చెప్పేవాణ్ణి. "యాడన్నా తెలుగు గుడి ఉంటాది, ఇచారించు నాయనా. మన మాటలు చెవిన పడకుంటే నువ్వు ఇంకా చిక్కిపోతావు" అనేది. మాట చెవిన పడటానికీ మనిషి చిక్కిపోవడానికీ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు కానీ, కీచుగొంతు సంగతి జరిగాక నాకూ కాస్త భయం పట్టుకుంది. అడగ్గా అడగ్గా కంటోన్మెంటు వైపు ఒక పాత రాతి చర్చిలో, ఇంగ్లీషు వాళ్ళదీ తమిళం వాళ్ళదీ అయిపోయాక, తెలుగు ఆరాధన జరుగుతుందని తెలిసింది. రెండు బస్సులు మారి వెళ్ళాను.

ఇక్కడ మా ఊరి గుడి (మావాళ్ళు చర్చిని గుడి అనే అంటారు) గురించి ఒక మాట చెప్పాలి. మాది రేకుల షెడ్డు. అందులో చాపలు, ఒక డోలక్కు, గిలకల కంజీర, బైబిలు వాక్యం కుట్టిన గుడ్డ పరిచిన చెక్క బల్ల, అంతే సామాను. ప్రభువు బల్ల రోజున అమ్మగారు, అంటే పాస్టరు అయ్యగారి భార్య, కాల్చిన చపాతీని తుంచి ఇచ్చేవాళ్ళు. ఎండుద్రాక్ష నానబెట్టి మరిగించిన రసాన్ని చిన్న చిన్న స్టీలు గ్లాసుల్లో పోసి మేము కూర్చున్న చోటికే తెచ్చేవాళ్ళు. పుట్టి బుద్ధెరిగాక ఆరాధన అంటే ఇదే, ప్రపంచమంతా ఇంతే అనుకున్నవాణ్ణి నేను. ఆ ధీమాతోనే రాతి చర్చి మెట్లెక్కి, పెద్ద తలుపు దగ్గర అలవాటుగా చెప్పులు విడిచాను. మా ఊళ్ళో బయట చెప్పులు చూసి లోపల ఎంతమంది ఉన్నారో చెప్పేయొచ్చు. ఇక్కడ ఆ మెట్ల మీద నా జత ఒక్కటే బిక్కుబిక్కుమంటూ ఉంది. లోపల అందరి బూట్లూ టకటకలాడుతున్నాయి. సరే, తీసినవి మళ్ళీ తొడుక్కుంటే బాగోదని వట్టి కాళ్ళతోనే వెళ్ళాను. బెంచీల నిండా జనం. ప్రతి బెంచీ వెనకా కొక్కేనికి చిన్న మందపాటి దిండ్లు వేలాడుతున్నాయి. ఓహో, పెద్ద ఊరు కదా, చాపలకు బదులు దిండ్లు ఇస్తున్నారు కాబోలు అని మురిసిపోయి, ఒకటి తీసుకొని నడిమధ్య దారిలో ఖాళీగా ఉన్న చోట వేసుకొని బాసింపట్టు వేసి కూర్చున్నాను. ఇంత మంచి చోటు ఎవరూ కూర్చోకుండా ఎందుకు వదిలేశారా అని కొంచెం జాలి కూడా పడ్డాను.

అంతలో ఆర్గన్ మోగింది. అందరూ లేచి నిలబడ్డారు. వెనక్కి తిరిగి చూస్తే, పొడవాటి కర్ర మీద ఇత్తడి సిలువ ఎత్తి పట్టుకొని ఒక పెద్దమనిషి, ఆయన వెనక తెల్లటి అంగీలు తొడుక్కున్న పాటల బృందం, ఆ వెనక అయ్యగారు, నేరుగా నా మీదికే నడిచి వస్తున్నారు! సిలువ పట్టుకున్నాయన నా ముందుకొచ్చి ఆగిపోయాడు. పక్కనుంచి పోవడానికి చోటు లేదు, నన్ను దాటడం మర్యాద కాదు. పాట అయిపోవచ్చిందని ఆర్గన్ ఆయన మొదటి చరణం మళ్ళీ ఎత్తుకున్నాడు. నేనేమో వీళ్ళు నాకోసమే వచ్చి ఆగారనుకొని కూర్చున్నచోటే చేతులు జోడించాను. అప్పుడు పక్క బెంచీలోంచి ఒక బలమైన చెయ్యి వచ్చి నా కాలరు పట్టుకుంది. "ఎయ్, లేయప్పా! మెరవణిగె వస్తా ఉండేది కండ్లకు కనబడల్లేదా?" అని నన్నూ దిండునూ కలిపి బెంచీలోకి లాగేసింది. ఆమె, అక్కడ అందరూ నగర్తపేట ఆంటీ అని పిలిచే ఆవిడ. పొట్టిగా, గట్టిగా, కళ్ళజోడుకు నల్లదారం కట్టుకొని ఉండేది. ఊరేగింపు దాటిపోయాక నా చెవిలో, "అది మోకాళ్ళూనేదానికప్పా, కూర్చునేదానికి కాదు" అంది. ప్రభువు బల్ల సంస్కారం ఇచ్చే వేళకు నేను మళ్ళీ దోసిలి పట్టుకొని స్టీలు గ్లాసు కోసం ఎదురుచూస్తుంటే మోచేత్తో డొక్కలో పొడిచి ముందుకు పంపింది కూడా ఆమే. అక్కడ ఆల్టరు (ప్రభువు బల్ల) ముందున్న కటకటాల దగ్గర అందరితోపాటు మోకాళ్ళూనితే చేతిలో పెట్టింది చపాతీ ముక్క కాదు, తెల్లటి పల్చటి బిళ్ళ. నోట్లో వేసుకుంటే కరిగిపోయింది. ఆ తర్వాత ద్రాక్షారసం నింపిన ఒకే ఒక్క వెండి పాత్ర అందరి పెదవులకూ అందుతూ వచ్చింది. ఒకరు తాగగానే అయ్యగారు తెల్లటి చిన్న గుడ్డతో అంచు తుడిచి, పాత్రను కొంచెం తిప్పి, 'ప్రభువు రక్తం' అంటూ పక్కవాళ్ళకు అందించేవారు. మొత్తం ఆరాధనలో ఆ చిన్న గుడ్డనే నేను చూస్తూ ఉండిపోయాను. ఎందుకో చెప్పలేను. అంతమంది మధ్య అందరికీ అక్కరకు వచ్చేది అదొక్కటే అనిపించింది.

ఆరాధన అయ్యాక అందరికీ ఇళ్ళున్నాయి, నాకు పీజీ ఉంది. అందుకని నేను కదల్లేదు. ఎవరూ అడక్కుండానే పాటల పుస్తకాలు పోగుచేశాను, దిండ్లు కొక్కేలకు తగిలించాను, ఇంకేమీ దొరక్కపోతే తిన్నగా ఉన్న బెంచీలనే మరోసారి తిన్నగా జరిపాను. రెండో ఆదివారమూ అంతే. మూడో ఆదివారం నగర్తపేట ఆంటీ ఆల్టరు పక్కనున్న సామాన్ల గదిలోంచి తల బయటపెట్టి, "ఏమప్పా, నీకు ఇల్లూ వాకిలీ లేవా?" అంది. లేవన్నాను. ఆమె కాసేపు నన్ను ఎగాదిగా చూసి, "ఐతే రా, ఈ కొవ్వొత్తి స్టాండ్లు తుడువు" అంది. మొగుడు పోయినప్పటి నుంచి నగర్తపేటలో హోల్‌సేలు దుకాణాల పైనున్న రెండు గదుల్లో ఆమె ఒక్కతే ఉండేది. ఆల్టరు సామానంతా ఆమె చేతికిందే. పాస్టర్లు మారుతుంటారు కానీ ఆ గది తాళం మాత్రం ఆమె కొంగున మారకుండా ఉండేది.

అక్కడ మొదలైంది నా చదువు. కనిపించిన ప్రతి వస్తువునూ పట్టుకొని ఇదెందుకు, అదెందుకు అని అడిగేవాణ్ణి (సగం తెలుసుకోవాలని, సగం ఆ గదిలో ఇంకాసేపు ఉండొచ్చని). చిక్కేమిటంటే ప్రతిదానికీ రెండు జవాబులు వచ్చేవి. అయ్యగారు గోదావరి వైపు మనిషి, మృదువుగా మాట్లాడేవారు. "చూడు తమ్ముడూ, ఈ రెండు కొవ్వొత్తులున్నాయే, ప్రభువు దేవుడూ మనిషీ కూడానని గుర్తుచేస్తాయన్నమాట" అని చెప్పి వెళ్ళేవారు. ఆయన అటు వెళ్ళగానే ఆంటీ, "అదంతా ఉండాది కానీ, ఒకటి గాలికి ఆరిపోతే ఇంకోటి ఉండల్ల కదప్పా" అనేది. పాత్ర మీద కప్పే తెల్లగుడ్డ ప్రభువు దేహాన్ని చుట్టిన నారబట్టకు గుర్తని ఆయన, ఈగలు పడకుండా అని ఈమె. ఆల్టరు మీద పచ్చరంగు గుడ్డ విశ్వాసంలో ఎదగడానికి గుర్తని ఆయన, "పచ్చది మొన్ననే కుట్టించినాము, ఎక్కువ దినాలు వాడుకోవల్ల" అని ఈమె. ఈస్టరుకు ముందు శ్రమల కాలంలో వేసే ఊదారంగు పశ్చాత్తాపానికి గుర్తని ఆయన చెప్తే, "ఊదా వేసినామంటే పెండ్లిండ్లు లేవు, బిరియానీ లేదు అని అర్థం" అని ఈమె తేల్చేసింది. ఎవరిది నమ్మాలో తెలియక రెండూ నమ్మేశాను. ఇప్పటికీ చర్చిలో కొవ్వొత్తులు చూస్తే ముందు ప్రభువూ, వెంటనే గాలీ గుర్తొస్తాయి.

కొన్నాళ్ళకు ఆంటీ నన్ను పిలిచి, "మీ పీజీకి కావేరి నీళ్ళు వస్తాయా?" అని అడిగింది. వస్తాయన్నాను. "మా నగర్తపేటలో బోరు నీళ్ళకు గుడ్డలు పచ్చబడతా ఉండాయి. ఇకమీద పాత్రగుడ్డ నువ్వే ఉతుక్కొని తీసుకొని రా" అంటూ, ఆ రోజు పాత్ర అంచు తుడిచిన తెల్లగుడ్డను నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టింది. బెంగళూరు వచ్చాక ఒక మనిషి నన్ను నమ్మి నాకంటూ ఒక పని అప్పజెప్పడం అదే మొదలు (ఆఫీసులో అప్పజెప్పేవాళ్ళు కానీ, అక్కడ నమ్మకం పాలు తక్కువ). ఆమె వేలు చూపిస్తూ చెప్పింది. "మొదట ఒట్టి నీళ్ళలో నానబెట్టల్ల, సబ్బు వెయ్యకూడదు. ఆ మొదటి నీళ్ళు మోరీలో పోస్తివా, చూడు మళ్ళ! మన్నులో పోయల్ల. మంది తొక్కే చోట పోయకూడదు. ఆ గుడ్డకు అంటింది ఏమిదో తెలుసు కదా? గొత్తాయితా?" గొత్తాయితు, తెలిసింది ఆంటీ అన్నాను. ఆ గుడ్డ మళ్ళీ ఆదివారం నాతోపాటు రాకపోతే పాత్ర తుడవడానికి ఇబ్బంది. అంటే నేను రావలసిందే. నేను రావలసిన చోటు ఒకటుంది! బస్సులో ఆ గుడ్డ ఉన్న సంచిని, టికెట్టు అక్కర్లేని పసిపిల్లను కూర్చోబెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను.

సాయంత్రం గుడ్డ నానబెట్టాను. ద్రాక్షారసం మరక వదిలి మగ్గులో నీళ్ళు లేత ఎరుపెక్కాయి. ఆ మగ్గు పట్టుకొని మన్ను కోసం కిందికి దిగాను. మా ఊళ్ళో మన్ను కోసం ఎవడైనా వెతుకుతాడా? మన్ను వదిలించుకోవడానికే కదా మా వాళ్ళు పొద్దస్తమానం ఊడుస్తుంటారు! హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఆ సాయంత్రం నాకు తెలిసొచ్చింది. పీజీ కాంపౌండంతా టైల్స్. వీధిలో చెట్లున్నాయి కానీ వాటి మొదళ్ళ దాకా సిమెంటు పోసి, పాపం చెట్టు మెడ పట్టుకున్నట్టు చేశారు. కాస్త మట్టి కనిపించిన చోటల్లా జనం నడుస్తున్నారు, లేకపోతే కుక్కలు తమ పని చూసుకుంటున్నాయి. పార్కు దగ్గరికెళ్తే గేటు కాడ సెక్యూరిటీ తాత నా మగ్గు వంక అనుమానంగా చూసి, "ఒళగె బిడల్లప్పా" అని లోపలికి పోనివ్వలేదు. ఆయన ఏమనుకొని ఉంటాడో నాకు అర్థమై సిగ్గుతో చచ్చిపోయాను. ఇంకో వీధిలో ఏదో స్టార్టప్ ఆఫీసు ముందు నవనవలాడుతున్న పచ్చగడ్డి. హమ్మయ్య అనుకొని వంగి, ప్రార్థన చేసుకొని, పోయబోయే ముందు చేత్తో తడిమితే గరగరమంది. ప్లాస్టిక్కు! లోపల్నుంచి కాపలా కుర్రాడు వచ్చి, "సార్, అది కార్పెట్టు సార్" అని ఎంతో మర్యాదగా చెప్పాడు. ఒక పెద్ద ఊళ్ళో, ఇన్ని లక్షల మంది తిరిగే ఊళ్ళో, ఒక మగ్గెడు నీళ్ళు పోసుకోవడానికి నాకు చోటు లేదు. అప్పుడు ఏడుపొచ్చింది. నీళ్ళ గురించి ఏడ్చానా, నా గురించి ఏడ్చానా అంటే ఇప్పుడైతే చెప్పగలను.

తిరిగొచ్చి, ఏ దారీ లేక మేడ మీదికెక్కాను. అక్కడ మూల మా ఓనరమ్మ తులసికుండీ ఉంది. పెద్ద సిమెంటు కుండీ, నిండా నల్లటి మెత్తటి మన్ను. మంది తొక్కే ప్రసక్తే లేదు. ఒక్క క్షణం సందేహించాను, ఆ తర్వాత అందరూ ఒకే దేవుడి పంచన ఉన్నవాళ్ళమే కదా అని నాకు నేనే తీర్మానం చేసుకొని మొక్క మొదట్లో మెల్లగా పోశాను. అలా చాలా ఆదివారాలు గడిచాయి. ఓనరమ్మ సాయంత్రాలు గుడికి వెళ్ళేది కాబట్టి మా దారులు కలవలేదు. తులసి గుబురుగా పెరిగింది. ఓనరమ్మ పక్కింటామెతో "నా చెయ్యి అట్లాంటిది" అని చెప్పుకోవడం నా చెవిన పడింది, నేను వినయంగా తల దించుకొని వెళ్ళిపోయాను.

ఒక ఆదివారం మోకాలి నొప్పితో ఆమె గుడికి వెళ్ళలేదు. నేను మగ్గు వంచుతుండగా వెనక నుంచి గొంతు వినిపించింది. "ఏమప్పా, నా తులసమ్మకు ఏం పోస్తా ఉండావు?" నా చేతిలోంచి మగ్గు లాక్కొని వాసన చూసింది. ఆ పీజీ గోడ మీద 'మద్యం తాగరాదు' అని మూడు భాషల్లో రాయించిన మనిషి ఆమె. "సారాయి! నా ఇంట్లో తాగేది చాలక తులసమ్మకు తాపిస్తా ఉండావా!" అని కేకలు మొదలుపెట్టింది. కంగారులో అయ్యగారు నేర్పిన పాఠం అలాగే అప్పజెప్పాను. "సారాయి కాదమ్మా... ప్రభువు రక్తం." ఆమె మగ్గు కింద పారేసి రెండడుగులు వెనక్కి వేసింది. "రక్తమా! అయ్యయ్యో, నెలాఖరుకు కాదు, ఈ దినమే రూము ఖాళీ చెయ్యి!" నిజం చెప్పాలంటే రూము పోతుందని నాకంత దిగులు లేదు, బెంగళూరులో పీజీలకు కొదవా? కానీ రూము మారితే కావేరి నీళ్ళు ఉంటాయో లేదో, మన్ను ఉంటుందో లేదో. గుడ్డ ఉతికే పని నా చేతిలోంచి పోతుంది. అది పోతే ఆదివారం మళ్ళీ వట్టి ఆదివారమైపోతుంది. "ఒక్క నిమిషం ఆగమ్మా, నీకు చెప్పాల్సినవాళ్ళు చెప్తారు" అని నగర్తపేట ఆంటీకి ఫోన్ చేసి స్పీకరు పెట్టాను.

ఆ తర్వాత జరిగిన సంభాషణ నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

"ఎవురమ్మా నువ్వు, పసిపిల్లోనికి సారాయి గుడ్డలు ఇచ్చి పంపేది?" అని ఓనరమ్మ.

"సారాయి అంటే నోరు కడుక్కోవల్ల! అది ప్రభువు బల్ల మీది రసం. నువ్వెవురు?" అని ఆంటీ.

"ఇంటి ఓనరుని! నా తులసికోటలో ఎర్రనీళ్ళు పోస్తా ఉండాడు మీవాడు!"

ఆ మాట విన్న తర్వాత ఆంటీ గొంతు తగ్గింది. "ఔనమ్మా, ఒకమాట అడుగుతాను చెప్పు. నువ్వు మీ దేవునికి అభిషేకం చేసిన నీళ్ళు మోరీలో పోస్తావా?"

"ఛీ ఛీ, ఎట్ల పోస్తాను?"

"మరి యాడ పోస్తావు?"

"చెట్టుకు పోస్తాను."

"వాడు యాడ పోసె?"

ఓనరమ్మ తులసి వంక చూసింది, నా వంక చూసింది. "చెట్టుకే పోసె" అంది, ఇష్టం లేకుండానే. వెంటనే తేరుకొని, "ఐతే మాత్రం నన్ను ఒకమాట అడగద్దా?" అంది. "అడగల్ల! అదిమాత్రం వాని తప్పే. చెప్పకుండా సుమ్మనె దొంగలాగ ఎందుకు పోయల్ల?" అని ఆంటీ తక్షణం ఆ పక్షం చేరిపోయింది. ఇద్దరూ కలిసి నన్ను దులిపేశారు. పెద్దలంటే భయం లేదని, ఈ కాలం పిల్లలే అంతని, కంప్యూటరు చదువులకు బుద్ధి రాదని. దులపడం అయ్యాక ఓనరమ్మ అబ్బా అంటూ పిట్టగోడ మీద కూర్చుంది. "ఏమాయెమ్మా?" అంది ఆంటీ. "మోకాలమ్మా." "ఏ కాలు? నాకు ఎడమది." అంతే, ఇక ఇద్దరూ మోకాళ్ళ గురించి, నూనెల గురించి, డాక్టర్ల గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. నా ఫోన్ ఆమె చేతిలో, ఖాళీ మగ్గు నా చేతిలో. ఇక నాతో పనిలేదని తెలిసినా నేను కదల్లేదు. చాలా రోజుల తర్వాత ఇద్దరు ఆడవాళ్ళు తెలుగులో లొడలొడా మాట్లాడుకోవడం విన్నాను. మన మాటలు చెవిన పడాలని మా అమ్మ ఎందుకనేదో నాకప్పుడు అర్థమైంది.

ఫోన్ పెట్టేశాక ఓనరమ్మ నాతో మెల్లగా చెప్పింది. "ఈ లేఅవుటు కాకముందు ఇది మా పొలమే ఉండెప్పా. మా మామ రాగులు వేస్తా ఉండె. ప్లాట్లు కొట్టేటప్పుడు ఒక గంప మన్ను ఎత్తిపెట్టుకొంటిని. ఆ కుండీలో ఉండేది అదే. అందుకే నాకు కోపం వచ్చె." మరునాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి మేడ మీద తులసి పక్కన ఒక ఖాళీ పెయింటు డబ్బా ఉంది. అందులో అదే నల్లమన్ను, నడుమ ఒక చిన్న కరివేపాకు మొక్క. "నీ గుడ్డనీళ్ళు దీంట్లో పోసుకో. తులసమ్మకు నేను పోసుకుంటాను" అంది. ఆ కరివేపాకు తర్వాత మా పీజీ సాంబారులో పడింది. దానివల్ల ఆ సాంబారు ఏమీ బాగుపడలేదని మాత్రం సాక్ష్యం చెప్పగలను.

అసలు చెప్పాల్సింది ఇంకా ఉంది. ఆ చలికాలంలో నాకు జ్వరం వచ్చింది. శనివారం నుంచి ఒళ్ళు కాలిపోతోంది. రూమ్మేటు తన ఊరికి వెళ్ళాడు. ఇస్త్రీ చేసిన పాత్రగుడ్డ తలగడ పక్కనే కవర్లో ఉంది. ఆదివారం లేచి వెళ్దామని కూర్చుంటే గది తిరిగింది, మళ్ళీ పడుకున్నాను. ఫోన్ ఎప్పుడో ఆరిపోయింది, ఛార్జరు బల్ల మీద ఉంది, బల్ల దాకా వెళ్ళడం నా వల్ల కాలేదు. అలా పడుకొని, ఇంకో గుడ్డ తీసి ఉంటారులే, బీరువాలో బోలెడున్నాయి, నేను రాకపోతే ఆరాధన ఆగిపోతుందా అనుకున్నాను. ఆగదని నాకు తెలుసు. అదే బాధ. గుడ్డ నావల్లే అక్కడికి చేరుతోందని ఇన్నాళ్ళూ నన్ను నేను మభ్యపెట్టుకున్నానని అనిపించి, గోడవైపు తిరిగి పడుకున్నాను.

మధ్యాహ్నం దాటాక మెట్ల మీద ఆయాసంతో ఎక్కుతున్న అడుగులు, "ఏ రూమమ్మా?" అనే గొంతు. నగర్తపేట ఆంటీ! మార్కెట్టు దగ్గర బస్సెక్కి, మధ్యలో ఇంకోటి మారి, ఎడమ మోకాలితో మూడంతస్తులు ఎక్కింది. వెనక ఓనరమ్మ, చేతిలో మిరియాల రసం గిన్నె. గుమ్మంలోనే ఆంటీ రొప్పుతూ, "గుడ్డ కోసం వచ్చినాను" అంది, ఎవరూ అడక్కుండానే. గుడ్డ కోసమే అయితే కవరు తలగడ పక్కనే ఎదురుగా ఉంది. ఆమె దాన్ని చూడను కూడా లేదు. నా నుదుటి మీద చెయ్యి వేసి, "కాలిపోతా ఉండాడమ్మా" అని ఓనరమ్మతో చెప్పి, రూమ్మేటు మంచం మీద కూలబడింది. ఓనరమ్మ కుర్చీ లాక్కుంది. మాత్ర వేశారు, రసం తాగించారు. ఇక వాళ్ళు వెళ్ళిపోతారని నాకు భయం వేసింది. పెద్దవాళ్ళు, రోగి మేలుకుని ఉంటే పలకరించి, జాగ్రత్తలు చెప్పి లేచిపోతారు. నిద్రపోతుంటే మాత్రం లేచేదాకా ఉందామనుకుంటారు. అంత జ్వరంలోనూ నాకు ఆ తెలివి వచ్చింది. దుప్పటి కప్పుకొని కళ్ళు మూసుకొని, గుర్రు కూడా కొంచెం పెట్టాను.

వాళ్ళు వెళ్ళలేదు. వెలుతురు తగ్గేదాకా నా రెండు పక్కలా కూర్చొని మాట్లాడుకుంటూనే ఉన్నారు. మరకకు నిమ్మకాయ మంచిదా ఉప్పు మంచిదా అని వాదించుకున్నారు. అయ్యగారు ప్రార్థనలో నాకోసం అడిగారని, ముందు బెంచీ ముసలాయన 'ఆ పిల్లోడు ఏమాయె' అని ఆంటీని రెండుసార్లు అడిగాడని చెప్పుకున్నారు. వీనికి పెండ్లి చేస్తే కానీ బాగుపడడని ఇద్దరూ ఏకమయ్యారు. దుప్పటి కింద నా కళ్ళలోంచి నీళ్ళు కారి తలగడ తడిసింది. అయినా కదల్లేదు. కదిలితే నాటకం బయటపడుతుంది కదా!

ఇప్పుడు నా ఇంట్లో నేను దుప్పటి కప్పుకుంటే చాలు, మా అమ్మాయి వచ్చి నా కనురెప్పలు వేళ్ళతో లాగి, "నాన్నా, నువ్వు నిద్రపోవట్లేదు" అని ఒక్క క్షణంలో పట్టేస్తుంది. అది మొన్నొకసారి అలా పట్టేసినప్పుడు, ఆ మధ్యాహ్నం నాకు ఇన్నేళ్ళ తర్వాత ఇంకోలా అర్థమైంది. జ్వరంతో నిద్రపోతున్న మనిషి పక్కన ఎవరైనా అంత గట్టిగా మాట్లాడుకుంటారా? ఇద్దరు పెద్దవాళ్ళకు ఆ మాత్రం తెలియదా? వాళ్ళు మాట్లాడుకున్నది నాకు వినిపించడానికే. నేను మాత్రం దుప్పటి కింద, వాళ్ళను భలే మోసం చేశాననుకుంటూ గుర్రు పెడుతున్నాను, వెర్రివెధవని.